చామ మొక్క మీద ఉంటున్న ఈ కప్ప ఏ జాతిదో చెప్పగలరా?

రాజమండ్రి మిద్దెతోట:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, మూడో అంతస్తు పైన మిద్దె తోట. టబ్బుల్లో చామ, పసుపు, అరటి, ఓ పక్కన ఆకుకూరలు, మూలన నీళ్ల డ్రమ్ము. ఈ వానలు మొదలైన దగ్గర్నుంచి చామ మొక్క మీద ఒక కప్ప ఉంటోంది. చిన్నప్పుడు మా ఊళ్లో కాలవ గట్ల మీద బోలెడు కప్పల్ని చూశాను కానీ ఇలా మొక్కెక్కి కూర్చునేదాన్ని ఎప్పుడూ చూడలేదు, పైగా మూడో అంతస్తుకి అది ఎలా వచ్చిందో కూడా అర్థం కావట్లేదు.

ఫొటో రాత్రి టార్చి వెలుగులో తీసింది, స్పష్టంగా లేదు, అందుకని కంటికి కనిపించింది కనిపించినట్టు రాస్తున్నాను. పొడవు రెండంగుళాల పైనే ఉంటుంది. నడుము సన్నం, వెనక కాళ్లు బాగా పొడవు. వేళ్ల చివర చిన్న చిన్న గుండ్రటి బిళ్లలున్నాయి. పగలంతా చామాకు కాడ మొదట్లో కాళ్లూ చేతులూ పొట్ట కిందకి ముడిచేసుకుని అస్సలు కదలకుండా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ ఒళ్లు లేత రంగుకి తిరిగి మధ్యాహ్నానికి దాదాపు తెల్లగా అయిపోతుంది. రాత్రి చూస్తే మాత్రం గోధుమ రంగు, వీపు మీద ముదురు మచ్చలు. అసలు ఇవి రెండు వేరువేరు కప్పలా, ఒకటేనా?

ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే మూడుసార్లు మూడు పేర్లు చెప్పింది, అందులో ఒకటి క్యూబా దేశపు కప్పట! మా అత్తయ్యగారు ఇది విషపు కప్ప, ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయి, కప్ప ఉన్న చోటికి పాము రాక మానదు, తీసేయించు అంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు, పొద్దస్తమానం ఆ టబ్బుల మధ్యే ఆడతాడు, నాకూ కాస్త టెన్షన్‌గానే ఉంది. తీసేయాలని మాత్రం మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

వనస్థలిపురం వాన:

చెట్టు కప్ప అండీ. మా బాత్రూంలో ప్రతి ఎండాకాలం ఒకటి వచ్చి గోడకి అతుక్కుని ఉంటుంది, వానలు పడగానే వెళ్లిపోతుంది. ఏమీ చేయదు. మా అమ్మాయి రాత్రిపూట లైటు వేసే ముందు దానికి చెప్పి మరీ వేస్తుంది.

తూర్పుకనుమల బాట:

పై వారు చెప్పింది నిజమే, కానీ ఎందుకు అలా అనుకోవాలో కూడా చెప్తాను, రేపు ఇంకో కప్ప కనిపించినా మీ అంతట మీరే పోల్చుకోగలుగుతారు.

ముందు రంగు సంగతి. కప్పని రంగుతో గుర్తుపట్టాలని చూస్తే నూటికి తొంభై సార్లు తప్పుదారి పడతాం. మీరు చూసిన తెల్ల కప్పా గోధుమ కప్పా ఒక్కటే. ఈ జాతి ఎండలో, పొడి గాలిలో లేతబడుతుంది, చీకట్లో, తడిలో ముదురుతుంది. లేత పసుపు, బూడిద, గోధుమ ఏదైనా కావచ్చు, మచ్చలు కొన్నిటికి స్పష్టంగా ఉంటాయి, కొన్నిటికి అసలు కనిపించవు. యాప్ మూడు పేర్లు చెప్పడానికి కారణం కూడా చాలామటుకు ఇదే అయ్యుంటుంది, పైగా రాత్రి ఫొటో.

చూడాల్సింది వేళ్లు. మీరు రాసిన గుండ్రటి బిళ్లలు చాలా ముఖ్యమైన ఆనవాలు. పొలాల్లో, కుంటల్లో ఉండే కప్పలకి వేలి చివర మొనగా ఉంటుంది. నున్నటి ఆకునీ గోడనీ పట్టుకుని ఎక్కాలంటే ఈ బిళ్లలుండాలి, మూడో అంతస్తుకి అది వచ్చింది వీటి బలంతోనే, గోడో పైపో పట్టుకుని ఎక్కేసి ఉంటుంది. కుండీల నర్సరీ నుంచి మొక్కతో పాటు రావడం కూడా మామూలే.

ఇక అసలైన గుర్తు తొడ వెనక భాగంలో ఉంటుంది. అది కూర్చున్నప్పుడు కనపడదు, కాలు చాపినప్పుడే కనిపిస్తుంది. ముదురు గోధుమ రంగు, ఒక్కోదానికి ఊదా కలిసిన గోధుమ రంగు వలలాగా అల్లుకుని ఉంటుంది, ఆ వల కన్నుల్లో పసుపు చుక్కలు. అది గోడెక్కుతున్నప్పుడు వెనక నుంచి ఒక్క ఫొటో తీయండి చాలు, చేత్తో పట్టుకోవాల్సిన పని లేదు. అలాగే కన్ను వెనక నుంచి చెవి పొర మీదుగా భుజం వైపు ఒక చర్మపు మడత దిగుతుంది, కంటిపాప అడ్డంగా ఉంటుంది. వీపు నున్నగా, పొట్ట సన్నటి గింజలు పరిచినట్టు గరుకుగా ఉంటుంది.

ఇవన్నీ కలిస్తే అది పాలిపిడేటిస్ మాకులేటస్, మన దేశంలో మామూలుగా కనిపించే చెట్టు కప్ప. 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త దీనికి ఆ మాకులేటస్ అనే జాతి పేరు పెట్టాడు. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్‌లలోనూ ఉంది. మన రెండు రాష్ట్రాల్లో పల్లెల్లోనూ పట్నాల్లోనూ తిరుగుతుంది, అడవే కావాలని లేదు. మగవి సుమారు 5 సెంటీమీటర్ల లోపు, ఆడవి 7, 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. మీది రెండంగుళాల పైన అన్నారు కాబట్టి ఆడది కావచ్చు. రాత్రి మిద్దె మీద ఎవరో చెక్క మీద తట్టినట్టు టక్ టక్ టక్ మని ఆగి ఆగి వినపడుతోందా? వినపడితే అక్కడెక్కడో మగది కూడా ఉన్నట్టే, అరిచేది మగదే.

పగలు కాళ్లు ముడుచుకుని కూర్చోవడం గురించి మీరు అంత శ్రద్ధగా రాశారు కాబట్టి ఇది కూడా చెప్తాను. కప్ప చర్మం నుంచి నీరు ఊరికే ఆవిరైపోతుంది, ఎండలో ఎక్కువసేపు ఉంటే మామూలు కప్ప చచ్చిపోతుంది. ఈ జాతి మాత్రం తన చర్మం నుంచి ఊరే కొవ్వు కలిసిన జిగురుని ముందు కాళ్లతో, వెనక కాళ్లతో ఒళ్లంతా పులుముకుంటుంది. తలమీద, వీపుమీద, పక్కలకి, వరసగా తుడుచుకుంటూ పోతుంది. ఆ పూత ఆరాక ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది, కదిలితే పూత చెదురుతుంది. అమెరికా, బనారస్ శాస్త్రవేత్తలు కలిసి దీన్ని పరిశీలించి 1997లో ప్రచురించారు. మీ చామ మొక్క దగ్గర ఓపిగ్గా కూర్చుని చూస్తే మీకూ కనపడొచ్చు. అందుకే పగలు దాన్ని కదిలించకండి, నీళ్లు కొట్టి లేపకండి.

విషం గురించి: మనుషుల ప్రాణానికి ప్రమాదం ఏమీ లేదు. పులిపిర్లు మనుషుల్లో ఉండే ఒక వైరస్ వల్ల వస్తాయి, కప్పకీ దానికీ సంబంధం లేదు. కానీ ఏ కప్ప చర్మపు జిగురైనా కంట్లో పడితే మండొచ్చు కాబట్టి పిల్లాడు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి, కడిగేదాకా కళ్లు నులుముకోనివ్వకండి. పిల్లలకి దూరం నుంచి చూడ్డం నేర్పితే మంచిది, ఎందుకంటే మన చేతి ఉప్పూ క్రీములూ దాని చర్మానికి పడవు.

టాంపా కరివేపాకు:

క్యూబా కప్ప అనే మాట చూసి రాస్తున్నానండీ. నేను ఫ్లోరిడాలో ఉంటాను, మా వెనక వరండాలో కరివేపాకు కుండీలో నిజంగానే అది ఉంటుంది. ఫొటోల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదే గోధుమ రంగు, అవే వేళ్ల బిళ్లలు. ఇక్కడ బిళ్లలు ఇంకా పెద్దవి, చర్మం కూడా గరుకు. అది క్యూబా, బహామాస్ వైపు నుంచి సరుకు ఓడల్లో 1920ల్లో ఫ్లోరిడాకి చేరిందంటారు, ఇక్కడి చిన్న చెట్టు కప్పల్ని తినేస్తుంది, దాని జిగురు కంట్లో పడితే బాగా మంట. ఇక్కడి ప్రభుత్వ సలహా కూడా దాన్ని కనిపిస్తే తొలగించమనే. మా తమ్ముడు కాకినాడ నుంచి ఇలాంటి ఫొటోనే పంపి, అక్కా మీ దగ్గర చంపమంటున్నారుగా, నేనూ చంపేయనా అని అడిగాడు. నాకు గుండె ఆగినంత పనైంది. అక్కడిది అక్కడే పుట్టిన కప్ప, ఇక్కడిది బయటినుంచి వచ్చి పడిన కప్ప. దయచేసి ఇక్కడి సలహా చదివి అక్కడ ఎవరూ ఏమీ చేయకండి.

తూర్పుకనుమల బాట:

టాంపా గారూ, చాలా అవసరమైన మాట రాశారు. రెండింటి కుటుంబాలు కూడా వేరు, చెట్లెక్కే బతుకు ఒకటే కాబట్టి చూపుకి ఒకేలా తయారయ్యాయి. అందుకే కప్ప ఫొటో పెట్టేవాళ్లు ఏ ఊరు, ఏ నెల, ఎంత పొడవు, ఎక్కడ కూర్చుంది అనే నాలుగు ముక్కలు తప్పకుండా రాయాలి. యాప్ వాడినా లొకేషన్ ఆన్ చేసి వాడండి, అప్పుడు సముద్రాల అవతలి పేర్లు చాలావరకు రావు.

తిరుపతి కొండగాలి:

ఒక సందేహం. మా పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో, కుండీల కింద ఒక కప్ప ఉంటుంది, అదీ అప్పుడప్పుడు చెట్టెక్కుతుంది. లావుగా, మొహం చిన్నదిగా, వీపు మీద ఇటుక ఎరుపు పట్టీలు. ఇది కూడా చెట్టు కప్పేనా? రాజమండ్రి వారిది కూడా ఇదే అయ్యుండొచ్చా?

తూర్పుకనుమల బాట:

కాదండీ, మీది వేరే. మీరు చెప్పిన ఎరుపు పట్టీలు, లావు ఒళ్లు, చిన్న మూతి చూస్తే యూపరోడాన్ టాప్రోబానికస్ అనిపిస్తోంది. దానికి కూడా వేళ్ల చివర వెడల్పుగానే ఉంటుంది కానీ గుండ్రంగా కాకుండా చివర కోసేసినట్టు త్రికోణంలా ఉంటుంది. అది చెట్టు తొర్రల్లోకి ఎక్కుతుంది, మట్టిలోకి వెనక కాళ్లతో తవ్వుకుంటూ దిగిపోతుంది కూడా. గుడ్లు కూడా నీటి మీద తెట్టులా తేలతాయి. రాజమండ్రి వారు సన్న నడుము, పొడవు కాళ్లు అన్నారు కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు. మీ దగ్గర ఉన్నది చూడ్డానికి ఎంతో అందమైన కప్ప, వీలైతే వేళ్లు కనపడేలా ఫొటో పెట్టండి.

అనంతగిరి కాఫీతోట:

చెట్టు కప్పల మాట వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. మేం అరకు రోడ్డులో ఉంటాం. వానాకాలం రాత్రుళ్లు కాఫీ మొక్కల ఆకుల మీద బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్ద కప్పలు కనిపిస్తాయి. వీటికీ వేళ్ల చివర బిళ్లలున్నాయి. ఇవి మీరు చెప్పిన దాని పిల్లలేనా?

తూర్పుకనుమల బాట:

పిల్లలు కావచ్చు, కాకపోనూ వచ్చు. మీ వైపు కొండల్లో పొద కప్పలు అనదగ్గ వేరే చిన్న జాతులున్నాయి, అవి పూర్తిగా పెరిగినా రెండు మూడు సెంటీమీటర్లే. మీకు దగ్గరే సుంకరిమెట్ట నుంచి 1998లో దాస్, చందా అనే శాస్త్రవేత్తలు ఒకదాన్ని కొత్త జాతిగా వర్ణించారు, ఫిలాటస్ టెరెబ్రన్స్ అని. ఇలాంటి చిన్న పొద కప్పల్లో చాలావాటిని 2010లో రావోర్కెస్టిస్ అనే కొత్త ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చారు, బెంగళూరులో కప్పల మీద ఎంతో పనిచేసిన సి.ఆర్. నారాయణరావు గారి పేరు మీద పెట్టిన పేరది. వీటిలో వింత ఏంటంటే నీళ్లలో ఈదే తోక కప్ప దశే ఉండదు. గుడ్డులోనే కాళ్లూ చేతులూ వచ్చేసి బుల్లి కప్పగా బయటికొస్తుంది. అందుకే కుంటా చెరువూ లేని కొండ వాలు మీద కూడా బతుకుతాయి, వాటికి కావాల్సిందల్లా తేమా నీడా. కాఫీ తోటలో నీడ చెట్లు కొట్టేస్తే ముందు పోయేవి అవే.

మీరు రాత్రి వాటి అరుపు ఫోన్‌లో రికార్డు చేయగలిగితే అంతకన్నా మంచి ఆధారం లేదు. పొద కప్పల్ని ఒంటి మీద మచ్చలతో విడదీయడం చాలా కష్టం, అరుపు మాత్రం జాతికి జాతికీ తేడాగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడి తీయండి, తేదీ, సమయం, వాన పడుతోందో లేదో చెప్పి ఆపండి.

రాజమండ్రి మిద్దెతోట:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న రాత్రి అది డ్రమ్ము ఎక్కుతుంటే వెనక నుంచి చూశాను, తొడ వెనక పసుపు చుక్కలు ఉన్నాయి, మీరు రాసినట్టే చుట్టూ ముదురు వల! టక్ టక్ మని కూడా వినపడింది. చాలా సంతోషం వేసింది.

ఈ రోజు పొద్దున ఇంకో సంగతి. నీళ్ల డ్రమ్ము లోపలి గోడకి, నీళ్లకి జానెడు పైన, తెల్లటి నురగ ముద్ద ఒకటి అతుక్కుని ఉంది, పిడికిలంత. మొదట ఎవరో సబ్బు నీళ్లు పోశారనుకుని కడిగేయబోయాను, వేలితో తాకితే గట్టిగా, జిగురుగా ఉంది. ఇది గూడా? ఆ డ్రమ్ములో నీళ్లే మొక్కలకి పోస్తాం, రెండు మూడు రోజులకోసారి ఖాళీ అవుతుంది. ఇప్పుడేం చేయాలి? దోమల భయం ఒకటి, మా వీధిలో డెంగీ కేసులు ఉన్నాయి.

కోనసీమ కాలవగట్టు:

కడగనందుకు సంతోషం అండీ! అది గూడే. మా కొబ్బరి తోటలో నీళ్ల తొట్టెల మీద వేలాడే కొమ్మలకి ఇలాంటివే ఉంటాయి. పాముల గురించి మీ అత్తయ్యగారికి ఒక మాట: కప్పలున్న చోటికి పాములు వస్తాయన్నది నేల మీద, నీళ్ల పక్కన నిజమే, నీరుకట్టె పాము కప్పల్ని తింటుంది, కానీ దానికి విషం లేదు. మూడో అంతస్తు మిద్దె మీద ఒక్క కప్ప కోసం పాము ఎక్కి రావడం చాలా అరుదు. టబ్బుల కింద చెత్తా, ఇటుకలూ పేర్చకుండా, ఎలుకలు చేరకుండా చూసుకుంటే భయపడాల్సిన పని లేదు.

తూర్పుకనుమల బాట:

మిద్దెతోట గారూ, శుభవార్త చెప్పారు! ఆడది గుడ్లతో పాటు వదిలే ద్రవాన్ని వెనక కాళ్లతో గిలక్కొట్టి నురగ చేస్తుంది, మగది పైన ఉండగానే. కొన్ని వందల గుడ్లుంటాయి. పైపొర గాలికి ఆరి గట్టిపడుతుంది, లోపల తడి నిలిచి ఉంటుంది. కొన్ని రోజులకి లోపల పొదిగిన తోక కప్పలు నురగ కరిగిన చోటు నుంచి కిందకి జారి నీళ్లలో పడతాయి, అందుకే సరిగ్గా నీళ్ల మీదే కడుతుంది. మీ డ్రమ్ము ఆ లోపు ఖాళీ అయితే అడుగున పడి చచ్చిపోతాయి, అది తప్పించాలి.

వీలైతే ఆ డ్రమ్ముని ఈ రెండు నెలలు వాళ్లకే వదిలేయండి, మొక్కలకి ఇంకో బకెట్టు వాడండి. కుదరదంటే పల్చటి రేకు ముక్కో, పాత ప్లాస్టిక్ కార్డో గోడకి ఆనించి, నురగ అడుగు నుంచి నెమ్మదిగా గీరి, చెదరకుండా మొత్తంగా తీయండి. వెడల్పాటి టబ్బులో అరటాకు ముక్క అడ్డంగా పెట్టి, ఆకుకి మధ్యలో నాలుగు వేళ్లంత కన్నం చేసి, నురగ ఆ కన్నానికి అంచున ఉండేలా పెట్టండి, జారితే నీళ్లలోకే జారాలి. టబ్బు నీడలో ఉండాలి. మున్సిపాలిటీ కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, పట్టిన వెంటనే పోయకండి, వెడల్పు గిన్నెల్లో మూత లేకుండా ఒకటి రెండు రోజులు ఉంచి పోయండి, వాన నీళ్లుంటే ఇంకా మంచిది. అందులో ఒక గుప్పెడు ఎండుటాకులు, కాస్త పాచి పట్టిన రాయి వేయండి, అవి పాచిని గీరుకుని తింటాయి. ఉడికించిన పాలకూర చాలా కొద్దిగా వేయొచ్చు, మిగిలింది మర్నాడు తీసేయాలి, లేకపోతే నీళ్లు కుళ్లిపోతాయి. తోక కప్పల ముక్కు కొన మీద చిన్న తెల్లటి చుక్క మెరుస్తుంది, పైనుంచి చూస్తే తెలుస్తుంది, అది కనిపిస్తే ఇంకే అనుమానం లేదు.

దోమల సంగతి తేలిగ్గా తీసుకోకండి, మీ వీధిలో డెంగీ ఉందన్నారు. తోక కప్పలు దోమ పిల్లల్ని తినేస్తాయని ధీమాగా ఉండొద్దు. టబ్బు మీద దోమతెర కట్టేయండి, అంచులకి ఖాళీ లేకుండా తాడుతో బిగించండి, అప్పటికే దోమ పిల్లలు కనిపిస్తే టీ వడకట్టే జల్లెడతో తీసేయండి. గప్పీలు, గాంబూసియా చేపలు మాత్రం వేయకండి, తోక కప్పల్ని కూడా తినేస్తాయి. కిరోసిన్, ఫినాయిలు, దోమల మందు చుక్కలు ఏవీ ఆ నీళ్లలో పడకూడదు. చామ మొక్క మీద వేప నూనె, సబ్బు నీళ్లు కొట్టే అలవాటుంటే ఈ రెండు నెలలు ఆ మూల వదిలేయండి.

ముందు వెనక కాళ్లు వస్తాయి, తర్వాత ముందు కాళ్లు. ముందు కాళ్లు కనపడగానే టబ్బులో ఒక కర్ర ముక్క ఏటవాలుగా గట్టు దాకా ఆనించండి, దోమతెర ఒక పక్క సాయంత్రాలు ఎత్తి పెట్టండి, ఎందుకంటే ఆ దశలో ఎక్కడానికి చోటు లేకపోతే మునిగి చచ్చిపోతాయి. వాటంతట అవే ఎక్కి పోతాయి, పట్టి ఎక్కడికో తీసుకెళ్లి వదలకండి.